కారు మెరుగు: మైనపు పూత, సిలికా పూత

క్రొత్త కారు ఇంటికి వచ్చిన దినమున దానికి పూజ చేయుదుము. బానెట్టు మీద పసుపు, కుంకుమ, ముందు పూలదండ, చక్రముల క్రింద నిమ్మకాయలు. అంతకు ముందే, అమ్మకపుశాలలో, మరియొక కార్యము జరిగియుండును. అచ్చటి యువకుడు ఒక ధరల పట్టిక మన ముందుంచి, సిరామిక్ కోటింగు వేయించినచో రంగునకు ఇక భయము లేదని చెప్పును. అది వేలకొలది రూపాయల మాట. అందు సత్యమెంత, బేరమెంత అని విడదీసి చూచుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ముందుగా కారు రంగు అనగా ఏమో తెలియవలెను. 1920ల నాట అమెరికాలో డూపాంట్ కంపెనీవారు ‘డ్యూకో’ అను నైట్రోసెల్యులోజ్ రంగును తెచ్చిరి. మన దేశమున పనివారు పలువురు నేటికిని పిచికారీతో కొట్టు రంగును ‘డ్యూకో’ అనియే పిలుతురు. ఆ పాతరంగు ఎండకు పొడిబారి వెలిసెడిది. మెరుగు పెట్టబోయినచో గుడ్డకు రంగే అంటుకొనెడిది. నేటి పద్ధతి వేరు. ఇనుపరేకు మీద తుప్పును ఆపు పూత, దానిపై నునుపు చేయు పూత, దానిపై వర్ణము, అన్నింటికిని పైన వర్ణములేని పారదర్శకమైన పొర. ఈ పైపొరకే క్లియర్ కోటు అని పేరు. 1980ల నుండి ఇది లోకమంతట వ్యాపించినది. పూతలన్నియు కలిసి సుమారు 100 మొదలు 150 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. క్లియర్ కోటు ఒక్కటి 40, 50 మైక్రానులకు మించుట అరుదు. సాధారణముగ తలవెంట్రుక అంతకంటె లావు. కారు మెరుపు, ఎండకు ఓర్చుకొను శక్తి ఆ పలుచని పొరలోనే యున్నవి. గీతలు పడినపుడు పాలిష్ పట్టింతుము, గీత మాయమగును. మాయమగుట యెట్లు? చుట్టునున్న పొరను గీత లోతు వరకు అరగదీయుటచేత. అరిగిన పొర మరల రాదు.

ఇక కాపుదల మాట. పూర్వమునుండి వాడుకలోనున్నది కార్నాబా మైనము. బ్రెజిల్ దేశపు ఈశాన్యమున పెరుగు ఒక జాతి తాటిచెట్టు ఆకులనుండి దీనిని తీయుదురు. 80 డిగ్రీలు దాటినగాని కరగని గట్టి మైనమిది. కాని డబ్బాలోనిది శుద్ధమైన మైనము కాదు; నూనెలు, ద్రావకములు కలిపి మెత్తన చేసినది. మే నెలలో విజయవాడ ఎండలో నిలిచిన నల్లని కారు మీద అరచేయి మోపలేము గదా! అట్టిచోట ఆ పూత కొలదివారములకంటె నిలువదు.

సిరామిక్ అనగానే కుమ్మరి ఆవము, పింగాణీ స్ఫురించును. ఇచ్చట కాల్చుట ఏమియు లేదు. ఇసుకలోని ప్రధాన పదార్థమైన సిలికా, దానికి చుట్టములైన సిలేను, సిలోక్సేను అను ద్రవ్యములు రంగుపొరను పట్టుకొని ఆరును, అంతే. దుకాణములో పనివారు వేయు గట్టిపూత కొన్ని ఏండ్లు, మనము ఇంట చల్లుకొను పిచికారీ పూత కొన్ని నెలలు నిలుచును. పిచికారీ పూత మందము మైక్రానులో కొంత భాగము మాత్రమే. మైనము, సిలికా కలిపిన సీసాలును ఉన్నవి; అవి ఈ రెండింటికి నడిమివి.

ప్రకటనలలో తామరాకు మీది నీటిబొట్టును చూపుదురు. ఉపమానము మనకు చిరపరిచితమే, కాని ఇచ్చట అది అతిశయోక్తి. తామరాకు రహస్యమును జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ బార్త్‌లాట్ తన సహచరునితో కలిసి 1997లో వివరించెను. ఆ ఆకు నునుపైనది కాదు. కంటికి కానరాని బొడిపెలు, వాటిపై మైనపు స్ఫటికములు. నీరు ఆ కొనలమీద నిలిచి, 150 డిగ్రీలకు పైబడిన కోణముతో దొర్లిపోవును. నునుపైన తలముపై ఏ పూత పూసినను ఆ కోణము సుమారు 120 డిగ్రీలు దాటదు. సిలికా పూతకు 100, 110 వచ్చినచో మంచిదే. కావున కారు మీది బొట్టు గుండ్రముగ నిలుచునే గాని, చదునుగానున్న కప్పు మీదినుండి తనంత దొర్లిపోదు.

ఇందులో ఒక చిక్కున్నది. మన ఊళ్ళలో పెక్కింట బోరునీరే. అందు సున్నము, మెగ్నీషియము లవణములు మెండు. ఉబ్బి నిలిచిన బొట్టు ఎండలో ఇగిరినచో లవణమంతయు ఒకచోట తెల్లని వలయముగ మిగులును. పూత వేయించిన కారే మచ్చలు పడినదని వాపోవువారి మాట అబద్ధము కాదు. నీడను కడిగి, వెంటనే తుడిచినచో ఈ బాధ లేదు.

‘9హెచ్ కాఠిన్యము’ అను మాట మరియొకటి. ఇది పెన్సిలు గీతతో చేయు పరీక్షలోని అంకె. వజ్రముతో పోల్చు కొలమానము కాదు. లారీ చక్రము ఎగురగొట్టిన కంకరరాయిని ఏ సిలికా పూతయు ఆపదు. అది చేయు మేలు వేరు: మురికి గట్టిగ పట్టదు, కడుగుట తేలిక, పక్షిరెట్టలోని ఆమ్లము రంగును తినకమునుపే మనకు కొంత వ్యవధి దొరకును. వేపచెట్టు క్రింద కారు నిలుపువారికి ఆ వ్యవధియే గొప్ప లాభము.

పూయు విధము కష్టమైనది కాదు. కారును షాంపూతో కడిగి, పూర్తిగ ఆరబెట్టవలెను. చేతితో తడిమినపుడు గరుకు తగిలినచో, ఇందుకని అమ్ము బంకమట్టి ముద్దను తడిపి మెల్లగ రాయవలెను. రేకు చల్లగ నుండవలెను, నీడ తప్పనిసరి. ద్రవమును రెండు మూడు మారులు మైక్రోఫైబర్ గుడ్డపై చల్లి, ఒక్కొక్క తలుపు చొప్పున పలుచగ పూసి, ఆరిపోకమునుపే రెండవ పొడిగుడ్డతో తుడిచివేయవలెను. ఎక్కువ పోసినచో చారలే మిగులును. ముందు అద్దమునకు పూయరాదు, బ్రేకు పళ్ళెములపై తుంపర పడనీయరాదు. మెరుపులేని మ్యాట్ రంగు కార్లకు ఇది పనికిరాదు.

అన్నింటికంటె పెద్ద శత్రువు తెల్లవారుజామున వచ్చును. ఒక బకెట్టు, ఒక పాతగుడ్డ, పది కార్లు. మన వీధి ధూళిలో ఇసుకరేణువులున్నవి. అవి గాజుకంటె గట్టివి. పొడిగుడ్డతో ఆ ధూళిని రుద్దుట ఉప్పుకాగితముతో నెమ్మదిగ రుద్దుటయే. ఎండలో చూడుడు: బానెట్టు మీద సాలెగూడు వంటి సన్నగీతలు కానవచ్చును. తప్పు ఆ కూలివానిది కాదు; అతనికి మనమిచ్చు జీతము, నీరు, వ్యవధి అంతటివే. దినదినము తుడిపించుట మాని, వారమునకొకమారు రెండు బకెట్ల నీరు, రెండు మంచి గుడ్డలు ఇచ్చి, మొదట ధూళిని నీటితో జార్చి, అటుపిమ్మట తుడువుమని చెప్పి, జీతము మాత్రము తగ్గింపక యిచ్చినచో, కారునకు ఏ సీసాయు చేయని మేలు జరుగును.

పూత ఎప్పుడు మరల వేయవలెనని అడుగుదురు. నీరు బొట్టుగ నిలువక చాపవలె పరచుకొన్నచో వెంటనే తొందరపడనక్కరలేదు. పైన మురికి పొర కమ్మినను అట్లే జరుగును. ఒకమారు షాంపూతో శుభ్రముగ కడిగి చూడుడు. బొట్లు మరల నిలిచినచో సీసాను అలమారులోనే ఉండనిండు.