నక్షత్రాన్ని కొనకండి, చూడండి!

ఈరోజు ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. కొన్నేళ్ల క్రితం మా చెల్లి పుట్టినరోజుకి నేనొక నక్షత్రం కొన్నాను. నవ్వకండి! ఆన్‌లైన్‌లో రెండు వేలు కట్టాను. ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ వచ్చింది. అందులో చెల్లి పేరు, కింద ఏవో అంకెలు, 'ఇకపై ఈ నక్షత్రం పేరు ఇదే' అని ఒక ముక్క.

చెల్లి ఎంత మురిసిపోయిందో! ఆ రాత్రే నన్ను మేడ మీదికి లాక్కెళ్లి, "అన్నయ్యా, నాది ఏది? చూపించు" అంది. ఆ అంకెలు ఫోన్‌లో స్కై మ్యాప్ యాప్‌లో కొట్టి చూశాను. అది అసలు కంటికి కనిపించే నక్షత్రమే కాదు, టెలిస్కోప్ ఉండాలి. చెల్లి ఏమీ అనలేదు. "సర్లే" అని కిందికి వెళ్లిపోయింది. పోయిన రెండు వేల కంటే ఆ "సర్లే" నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత చదివితే అసలు సంగతి తెలిసింది. నక్షత్రాల పేర్లను అధికారికంగా ఖరారు చేసేది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య. అది పేర్లు అమ్మదు. డబ్బులు తీసుకుని ఎవరైనా పెట్టిన పేరు వాళ్ల రిజిస్టర్‌లోనే ఉంటుంది, శాస్త్రవేత్తలెవరూ దాన్ని వాడరు. 2019లో ఇదే సమాఖ్య ఒక్కో దేశానికి ఒక్కో నక్షత్రానికి పేరు పెట్టే అవకాశం ఇచ్చింది, పైసా తీసుకోకుండా. మన దేశం పెట్టిన పేరు 'బిభా'. కాస్మిక్ కిరణాల మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరు అది. అదీ కంటికి కనిపించదు, కానీ ఆ పేరు ప్రపంచమంతా ఒప్పుకున్న పేరు.

సరే, మరి చెల్లికి ఏం చూపించాలి? అప్పుడు నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెప్తున్నాను. పైసా ఖర్చు లేదు.

ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిది గంటలకి, వెన్నెల లేని రోజు, మేడెక్కి ఉత్తరం వైపు తిరగండి. ముందు ఫోన్ జేబులో పెట్టేయండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్క రీల్ చూశారంటే మళ్లీ మొదటికే.

ఇప్పుడు ఆకాశం మధ్య ఎత్తులో, తిరగేసిన గరిటెలా ఏడు చుక్కలు కనిపిస్తాయి. నాలుగు గిన్నె, మూడు కాడ. అదే సప్తర్షి మండలం. కాడ కుడివైపు ఉంటుంది. గిన్నెకి ఎడమ అంచులో ఉన్న రెండు చుక్కలు పులహ, క్రతు. పైనున్న పులహ నుంచి క్రతు మీదుగా కిందికి గీత గీసినట్టు ఊహించుకుని, ఆ రెండింటి మధ్య దూరానికి ఐదు రెట్లు వెళ్లండి. అక్కడ ఉన్నదే ధ్రువ నక్షత్రం.

చాలామంది అది అన్నిటికంటే మెరుస్తుందనుకుంటారు. కాదు, అది మామూలు చుక్కే. పైగా మనకి బాగా కిందికి ఉంటుంది. ధ్రువుడి ఎత్తు దాదాపు మీ ఊరి అక్షాంశమే. హైదరాబాద్‌లో 17 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లు కూడా ఉండదు. ఉత్తరాన బిల్డింగ్ అడ్డుంటే కనిపించదు.

ఇక అసలైనది. గరిటె కాడలో మధ్య చుక్క వసిష్ఠుడు. దాని పక్కనే ఆనుకుని చిన్న చుక్క కనిపిస్తే, అదే అరుంధతి! ఆ వెలుగు అక్కడ బయల్దేరి 80 ఏళ్లు దాటింది. మీ తాతయ్య చిన్నప్పుడు బయల్దేరి, ఇప్పుడు మీ కంట్లో పడుతోంది.

మా ఊరి మేడ మీద దాన్ని ముందు కనిపెట్టింది చెల్లే. "అన్నయ్యా, పక్కన చిన్నది ఉంది!" అని అరిచింది.

పోయినేడు దాని పెళ్లైంది. పట్టపగలు పంతులుగారు "అరుంధతి కనిపించిందా అమ్మా?" అంటే అందరూ నవ్వుతూ తలూపారు. చెల్లి మాత్రం, "ఇప్పుడు కనిపించదండీ, రాత్రికి నేనే ఆయనకి చూపిస్తా" అంది. చూపించింది కూడా.

ఆ సర్టిఫికెట్ ఇప్పుడు ఎక్కడుందో మా ఇద్దరికీ గుర్తులేదు. ఈ వారం మీరూ ఇంట్లో ఒకరిని మేడెక్కించండి. ఉంటాను!