ఆసనముల గవిసెనలు – కుట్టుకూలి నిర్ణయము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

మన మహాసభలయందు కులముయొక్క ప్రాచీనతను గూర్చియు, బాలబాలికల విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. అవి యెల్ల నవసరములే. నేడు నేను మిక్కిలి సామాన్యముగ కన్పట్టు నొక విషయమును మీ సన్నిధిని మనవి చేయ సాహసించుచున్నాను. అది యేదన, గృహస్థుల యిండ్లలోని సోఫాలకును, కుర్చీలకును, దివానులకును మనము కొలతకు కుట్టి యిచ్చు గవిసెనలకు వెల కట్టు విధానము. సూదిపని నాకంటె చక్కగ నెరిగినవారు ఈ సభలో ననేకులు కలరు. నేను బడిపంతులను. అయినను వెల కట్టుట సూదిపని కాదు, గణితము. గణితముతోపాటు కొంత ధర్మము. ఆ రెండింటిని గూర్చి మాటలాడుట నా వృత్తికి విరుద్ధము కాదని తలంచెదను.

మేరలనియు, చిప్పోలనియు, దర్జీలనియు నేడు పిలువబడు మన వృత్తివారికి అమరకోశమున తున్నవాయుడు, సౌచికుడు అను నామములు కలవు. కౌటిల్యుని యర్థశాస్త్రమునను తున్నవాయుల ప్రసక్తి కలదు. 1909వ సంవత్సరమున మైసూరు పండితులు శామశాస్త్రిగారు ముద్రింపించిన యా గ్రంథమున మనకు పనికివచ్చు రెండు నియమములు కనబడుచున్నవి. పనివాడు స్థలమును, కాలమును, చేయవలసిన పనిని ముందుగ నిర్ణయించుకొని పని చేయవలె ననునది మొదటిది. నూలు సన్నమో, ముతకయో, మధ్యమమో యెరిగి, దాని పరిమాణమునుబట్టి కూలి నిర్ణయింపవలె ననునది రెండవది. ముందు పనిని తెలిసికొనుట, పిదప కొలుచుట, అటుపిమ్మట వెల చెప్పుట. ఈ క్రమమునే మనము తలక్రిందు చేసికొనియున్నాము.

ఎట్లన, సిద్ధవస్త్రములు అంగళ్ల నిండ వచ్చిన పిదప చొక్కాలు, లాగులు కుట్టు పని చాలవరకు మన చేతినుండి జారిపోయినది. కొలతకు కుట్టవలసిన పనులే మనకు మిగిలినవి. అందు సోఫా గవిసెన యొకటి. ఒక యింటి సోఫా వలె మరియొక యింటి సోఫా యుండదు. ఒకదాని చేతులు గుండ్రన, ఒకదానివి పలకలు. ఒకదాని వీపు వాలు, ఒకదానిది నిటారు. ఇట్టి పనికి గృహస్థుడు టెలిఫోనులో “మూడు సీట్ల సోఫాకు ఎంత?” అని యడుగగానే, సోఫాను చూడకయే మనవాడొక సంఖ్యను చెప్పును. వీధి చివరనున్న మరియొక మనవాడు దానికి నూరు రూపాయలు తగ్గించును. ఇద్దరును కొలువలేదు. పిమ్మట నష్టము తెలియగా, ఒకడు గుడ్డలో మిగులు చూచుకొనును. మరియొకడు కుట్టు పలుచన చేయును. ఇంకొకడు చెప్పిన దినమునకు ఇయ్యడు. ఈ మూడును పేదరికమునుండి పుట్టిన దోషములని మన మనుకొందుము. నిజమునకు అవి కొలువక చెప్పిన ధరనుండి పుట్టినవి.

గుడ్డ లెక్క నొక యుదాహరణముతో చెప్పెదను. 24 అంగుళముల పొడవు, 24 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల మందము గల యొక కూర్చుండు దిండు కలదనుకొనుడు. కుట్టునకు ప్రతి యంచున అర అంగుళము విడువగా పై ముక్కయు, క్రింది ముక్కయు ఒక్కొక్కటి 25 అంగుళముల చతురస్రము లగును. చుట్టుపట్టీ 5 అంగుళముల వెడల్పున రమారమి 100 అంగుళముల పొడవు కావలెను. 54 అంగుళముల పన్నా గల గుడ్డయందు రెండు చతురస్రములును ప్రక్కప్రక్కన పట్టును. వానికి 25 అంగుళములు, రెండు పట్టీలకు 10 అంగుళములు, జిప్పునకు మరి యొకటి రెండు. వెరసి 37 అంగుళములు. మీటరనగా 39.37 అంగుళములు కనుక ఒక మీటరు చాలును. అదే దిండునకు 44 అంగుళముల పన్నా గుడ్డ తెచ్చినచో చతురస్రములు ప్రక్కప్రక్కన పట్టవు. వానికే 50 అంగుళములు పోవును; పట్టీలను గూడ పన్నాకు అడ్డముగనే కోసినచో మూడు కావలయును గనుక 15 అంగుళములు; జిప్పుతో కలిపి 67. అనగా రమారమి 1.7 మీటరులు. దిండు మారలేదు, పనివాడు మారలేదు. పన్నా మాత్రమే మారినది. గుడ్డ ఖర్చో యించుమించుగ ముప్పాతిక వంతు పెరిగినది.

పెద్ద పువ్వులు గల గుడ్డయైనచో ప్రతి దిండు నడుమను పువ్వు సరిగా కూర్చుండవలెను గదా! దానికై యధికముగ గుడ్డ పోవును. చారలు, గళ్లు కలసిరావలసిన చోటను ఇంతే. కొత్త నూలుగుడ్డ నీటబడిన కుదించుకొనును. కావున కోయుటకు ముందే తడిపి ఆరవేయవలెను. ఆ తరుగును లెక్కలో చేర్పవలెను. ఈ సంగతులను గృహస్థుడు గుడ్డ కొనుటకు ముందే మనము చెప్పినచో అది విద్య యగును. కొన్న పిదప చెప్పినచో తగవగును.

ఇక కూలి మాట. లెక్క తెలియుటకై మాత్రమే కొన్ని యంకెలు కల్పించి చెప్పెదను. ఇవి ధరలు కావు. ఒక సోఫాకు కొలతకై పోయివచ్చుటకు 1 గంట, కోతకు 2, యంత్రముపై కుట్టుటకు 5, చేతికుట్లు, బొత్తాములు, దారములు త్రుంచుట, ఇస్త్రీ వీనికి 3, తొడిగి సరిచూచి వచ్చుటకు 1. వెరసి 12 గంటలు. గంటకు 100 రూపాయల వంతున 1200. దారము, జిప్పులు, అంచుత్రాడు 250. అంగడి యద్దె, విద్యుత్తు, యంత్రపు మరమ్మతు వీనిలో ఈ పనికి వచ్చు భాగము 150. మొత్తము 1600 రూపాయలు.

చూపుతో ధర చెప్పువాని లెక్క యెట్లుండునో చూడుడు. ఇంటిలోని యాడవారు చేసిన 3 గంటల పని లెక్కకు రాదు, 1300 అయినది. అద్దె, విద్యుత్తు ఎట్లును కట్టుచున్నదే యని విడుచును, 1150 అయినది. పోయివచ్చిన 2 గంటలును పని కాదనుకొనును, 950 అయినది. అతడు తక్కువ ధరకు చేసితినని సంతోషించును. 650 రూపాయలు గృహస్థునకు దానము చేసినట్లు అతనికే తెలియదు, గృహస్థునకును తెలియదు. ఇచ్చినవాడెరుగని దానము, పుచ్చుకొన్నవాడెరుగని దానము ఏ ధర్మశాస్త్రమున పుణ్యమగును?

సోదరులారా! అందు మొదట తీసివేసిన 300 రూపాయలను గూర్చి మరల మనవి చేసెదను. అది యెవరిది? పగలెల్ల వంటయు పిల్లలను చూచుకొని, రాత్రి దీపముక్రింద మన గవిసెనలకు బొత్తాములు కుట్టిన యిల్లాలిది. కౌటిల్యుడు ఇల్లు వెడలిరాని స్త్రీలు వడికిన నూలునకు కూలి విధించి, ఆ కూలి సమయమునకు ఇయ్యని యధికారికి దండనము చెప్పెను. రాజు కొలువులోని పరాయి స్త్రీకి ఉన్న న్యాయము మన యింటి స్త్రీకి లేకపోవుట తగునా? ఆమె పనిని లెక్క వ్రాయనంత కాలము ఆ పని లేనట్లే యుండును. బిడ్డలు తల్లి కన్నులు మసకబారుటను చూతురే గాని ఆ పనికి విలువ కట్టబడుటను చూడరు. పిమ్మట “ఈ వృత్తి మాకు వలదు” అని వారన్నచో మన మాశ్చర్యపడ నేల?

ధర తక్కువ చెప్పుట వలెనే ఎక్కువ చెప్పుటయు దోషమే. ఇంటి మేడను చూచి ధర పెంచువారు కలరు. సోఫాను కొలువవలెను గాని మేడను గాదు. గుడ్డ గృహస్థునిదైనచో మిగిలిన ముక్కలను మూట గట్టి గవిసెనలతోకూడ ఒప్పగింపవలెను. మన వృత్తిపై లోకము వేయు పాత నిందకు ఆ చిన్న మూటయే చక్కని సమాధానము. గుడ్డ మనమే తెచ్చినచో దాని వెలను కూలితో కలుపక వేరుగ వ్రాయవలెను. గుడ్డ, కూలి, సామగ్రి, ఇచ్చు దినము, ముందుగ పుచ్చుకొన్న సొమ్ము ఈ యైదును ఒక చీటిపై వ్రాసి, కత్తెర పెట్టుటకు ముందే యిరువురును చేవ్రాలు చేయవలెను.

“ఇట్లు చెప్పిన గిరాకి పోవును, అంతర్జాలమున సాగెడు గుడ్డతో చేసిన తొడుగులు చౌకగ దొరకుచున్నవి గదా!” అని కొందరందురు. నిజమే. ఆ ధరతో మనము పోటీ చేయజాలము, చేయనవసరమును లేదు. ఎల్ల సోఫాలకు సరిపోవుటకై సాగునది యొకటి. ఈ సోఫాకే సరిపోవుటకై కుట్టబడునది మరియొకటి. రెండవది కోరువాడే మనయొద్దకు వచ్చును. వానికి చీటి చూపి కారణము చెప్పినచో కొందరు పోవుదురు, కొందరు నిలుతురు. నిలిచినవారి పనితో మన యిల్లు గడచును. పోయినవారి పనిని నష్టమునకు చేసినను ఇల్లు గడువదు.

కావున నా ప్రార్థన యిది. అందరమును ఒకే ధర పెట్టుకొందమని నేను చెప్పుట లేదు. ఊరి యద్దెలు వేరు, చేతి నేర్పు వేరు. ధరలును వేరుగనే యుండును. ధరను గాక పద్ధతిని మాత్రము ఏకము చేసికొందము. కొలువక వెల చెప్పనని ప్రతివాడును నియమము పట్టవలెను. ఇంటి స్త్రీల గంటలను చీటిలో వ్రాయవలెను. తోటివాడు కొలిచి చెప్పిన ధరను, కొలువకయే తగ్గించి పని లాగుకొనరాదు. ఈ మూటికి ధనము వలదు, చందాలు వలదు. ఒక టేపు, ఒక కాగితము, కొంచెము మనోనిబ్బరము చాలును.

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలె నని పెద్దలందురు. మన వృత్తియందు దీపమింకను వెలుగుచున్నది.