బ్యాటరీ తాళం ఖర్చు కూడా అప్పులోనే రాసుకుందాం

(సమాఖ్య వార్షిక మహాసభ, సికింద్రాబాద్ – ప్రసంగ పాఠం)



ఈమధ్య లోన్ దరఖాస్తుల్లో ఎలక్ట్రిక్ బండి అనే మాట ఎక్కువగా కనబడుతున్నది. టిఫిన్ డబ్బాలు ఇచ్చేవాళ్లు, మోండా మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చి అమ్మేవాళ్లు, డెలివరీకి పోయే కొడుకు కోసం అడిగేవాళ్లు ఉన్నారు. మంచిదే. పెట్రోలు ఖర్చు తప్పుతది. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి ఈ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేవు, 2026 డిసెంబరు ఆఖరు దాకా. అయితే నేను మాట్లాడేది బండి గురించి కాదు, సీటు కింద ఉండే బ్యాటరీ గురించి.

బండి ధరలో ఇంచుమించు మూడో వంతు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ, బ్యాటరీదే. కొన్ని బండ్లలో దాన్ని ఊడదీసి ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు. మనకు అది సౌకర్యం, దొంగకూ అంతే సౌకర్యం. వాడికి బండితో పని లేదు, సీటు తెరిస్తే చాలు. బండి ఇంటి ముందే ఉంటది, నడవదు. కిస్తీ మాత్రం నెలనెలా నడుస్తనే ఉంటది.

కంపెనీల దగ్గర దీనికి ఉపాయం లేకపోలేదు. కాని చాలాచోట్ల దానికి వేరే రేటు. ఏథర్ 450 బండ్లనే చూడండి. బండిని ఎవరన్నా కదిలిస్తే, లాక్కుపోతే ఫోన్‌కు కబురు వచ్చే సదుపాయం ప్రో ప్యాక్ అని విడిగా డబ్బు కట్టి కొనుక్కునే వాటిలో ఉంటది. జర్మనీ కంపెనీ బాష్, తన మోటార్లతో నడిచే ఎలక్ట్రిక్ సైకిళ్లకు 2025లో బ్యాటరీ లాక్ తెచ్చింది. దొంగిలించిన బ్యాటరీని ఇంకో సైకిల్‌కు పెడితే మోటారు సాయం చేయదు. ఉపాయం బాగుంది. అదీ చందా కట్టేవాళ్లకే, ఏడాదికి సుమారు 40 యూరోలు. తలుపు అమ్మి, గొళ్లెం కావాలంటే కిరాయి కట్టమన్నట్టు ఉన్నది నాకు.

కట్టే ముందు ఒకటి అడగండి: ఇది దొంగను ఆపుతదా, దొంగ పోయినంక చెప్తదా? ఫోన్‌కు వచ్చే కబురు చెప్పేదే తప్ప ఆపేది కాదు. జీపీఎస్ బండిలో ఉంటే, బ్యాటరీ పోయినంక అది బండినే చూపిస్తది. చందా గడువు అయిపోతే ఏది పనిచేస్తది, ఏది ఆగుతది? యాప్ ఎవరి ఫోన్‌లో ఉన్నది? అప్పు అక్క పేరు మీద, కబురు మాత్రం డ్యూటీలో ఉన్న కొడుకు ఫోన్‌కు పోతే అక్కకు ఎట్ల తెలుస్తది?

ఇప్పుడు అసలు భయం చెప్తాను. తాళానికి డబ్బు పెట్టలేని ఇంట్లో ఇల్లే తాళం అవుతది. రాత్రి బ్యాటరీని లోపలికి తెచ్చి, మంచం పక్కన చార్జింగ్ పెట్టి పడుకుంటరు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇట్లనే ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో బ్యాటరీ పేలి ఇంటి యజమాని పోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. మన సికింద్రాబాద్ సంగతి మీకు తెలుసు. 2022 సెప్టెంబరు 12 రాత్రి, కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూం, పైన లాడ్జి. మంట కింద పుట్టింది, పొగ మెట్లదారిన పైకి పోయింది, 8 మంది చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతా నియమాలు కఠినం చేసింది. అయినా మన ఇళ్లకు ఒకటే గది, ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గర చార్జింగ్ పెడితే బయటపడే దారి ఏది?

"బయట పెడితే పోతది, లోపల పెడితే పేలుతది, ఏం చేయాలక్కా?" అని ఒక చెల్లె అడిగింది. న్యాయమైన ప్రశ్న. బస్తీలో కమ్యూనిటీ హాల్ వరండా లాంటి చోట ఇనుప జాలీ, మీటరు, తాళంతో పగటిపూట చార్జింగ్ పెట్టుకునే జాగా మనమే చూసుకోవాలని నా అభిప్రాయం. ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. ఆమెకు కూలి ఇవ్వాలి, ఊరికే సేవ అనొద్దు.

బీమా గురించి కూడా వినండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు. ప్యాకేజీ పాలసీలోనూ చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటది: బండితో పాటు పోతే తప్ప, విడి సామాను ఒక్కటే దొంగతనమైతే ఇవ్వరని. బ్యాటరీ విడి సామాను కిందికి వస్తదా రాదా, ఏజెంటుతో కాగితం మీద రాయించుకోండి. నోటి మాట క్లెయిం రోజు పనికిరాదు.

గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు చిన్న బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నంబరు ప్లేటు ఉండదు. పోయినప్పుడు ఇది మాదే అని చూపడానికి బిల్లు, ఛాసిస్ నంబరు, బ్యాటరీ మీది సీరియల్ నంబరే ఆధారం. అవి లేకుండా స్టేషన్‌కు పోతే ఫిర్యాదులో ఏం రాయిస్తారు?

ఇంకో సంగతి, సగం ధరకు బిల్లు లేని బ్యాటరీ వస్తే ఆశపడొద్దు. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అది మనలాంటి ఇంకో అక్క కిస్తీ కడుతున్న బ్యాటరీ అయి ఉండొచ్చు.

అందుకని లోన్ ఫారంలో కొత్త గడులు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. బ్యాటరీ సీరియల్ నంబరు, బీమా రకం, చార్జింగ్ పెట్టే జాగా, ఫోన్ కబురు ఎవరికి వస్తది అన్నవి అందులో ఉండాలి. గొలుసు, తాళం, అవసరమైతే కంపెనీ ప్యాక్ ఖర్చు కూడా బండి ధరలో కలిపి లోన్ లెక్క కట్టాలి. ఒకేసారి నాలుగైదు బండ్లు కొంటున్న సంఘాలు విడివిడిగా షోరూముకు పోవద్దు, కలిసి పోండి. ఆ ప్యాక్ ధరలోనే కలిపి ఇయ్యమని బేరం చేయండి.

కొత్త ఫారం నమూనా భోజనాల తర్వాత పంచుతారు. చదవడం రానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకుని, ఏమన్నా మార్పులు ఉంటే తీర్మానం రాసేలోపే చెప్పండి.