బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు. ఎవరెవరిని పేరుపేరునా సంబోధించాలో నిర్వాహకులు ఒక చీటీ రాసిచ్చారు. ఈ ఉక్కపోతలో గౌన్లు తొడుక్కుని కూర్చున్న మీ మొహాలు చూశాక దాన్ని మడిచి పర్సులో పెట్టేశాను. పేర్లు వినబడనివాళ్లు మన్నించాలి.

మీలో స్పెషల్ ఎడ్యుకేటర్లున్నారు, స్పీచ్ థెరపిస్టులున్నారు, సైకాలజిస్టులున్నారు. నేను మొదటి బాపతు. 1980ల చివర్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో శిక్షణ పొందాను. 1984లో మొదలైన అక్కడి జాతీయ సంస్థను అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్ అనేవాళ్లు. ఇప్పుడు మీరు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మా పాఠాల్లో ఆటిజం ఎక్కడో ఒక మూల ఉండేది. ప్రభుత్వం లెక్కలోనూ అంతే. 1995 నాటి వికలాంగుల చట్టంలో దాని పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినప్పుడు వాటిలో ఒకటిగా కూర్చుంది. ఆ మధ్యకాలంలో పెరిగి పెద్దవాళ్లైన పిల్లల తల్లిదండ్రులు ఏ సర్టిఫికెట్టు కోసం ఏ కిటికీ ముందు ఏం చెప్పుకున్నారో, చాలావరకు నా కళ్లతో చూశాను.

పిల్లవాడితో గదిలో గడిపే ముప్పావుగంటలో ఏం చేయాలో మీ గురువులు నేర్పారు. నేను వేరే మనిషి సంగతి మాట్లాడదామని వచ్చాను. ఆ ముప్పావుగంటా తలుపు బయట బెంచీ మీద ఒక తల్లి కూర్చుని ఉంటుంది. ఒక్కోసారి నాయనమ్మ, ఒక్కోసారి డ్యూటీ మార్చుకుని వచ్చిన తండ్రి. వాళ్ల చేతిలో చదువుకోడానికి మనం ఏం పెడుతున్నాం? ముప్పై ఏళ్ల పైబడి నన్ను కొరుకుతున్న ప్రశ్న ఇదొక్కటే. ఇంట్లోవాళ్లు విని విని విసిగిపోయారు, ఇవాళ మీ వంతు.

గుంటూరు జిల్లాలో పనిచేస్తున్నప్పుడు ఒక మిరప రైతు మనవణ్ని తీసుకొచ్చాడు. వేరేచోట పరీక్షలు చేయించాడు, చేతిలో రిపోర్టు ఉంది. కుర్చీలో కూర్చుంటూనే అడిగాడు: "మేడమ్, మావాడికి 118 వచ్చాయంట. ఎన్నింటికి? పాసైనట్టేనా?"

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, సంగతి తెలిశాక ఆయనా నవ్వాడు, కాసేపు ఆగి. ఆ అంకె ఐసా స్కేలుది. మన సికింద్రాబాద్ సంస్థలోనే తయారైన కొలమానం. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా వేస్తాం. మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు, 107 నుంచి 153 దాకా మధ్యస్థం. ఇది మీకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ ఆయన బతుకులో చూసిన అంకెలన్నీ పెరిగితే సంతోషపడాల్సినవే: మార్కులు, క్వింటాళ్లు, ధర. ఈ అంకె పెరిగితే మంచిది కాదని ఎవరూ చెప్పలేదు. రిపోర్టు పేజీలకు పేజీలు ఇంగ్లీషులో ఉంది. ఊళ్లో మందుల షాపు కుర్రాడి చేత చదివించుకున్నాడు. పాపం, ఆ కుర్రాడికి అర్థమైంది అంకె ఒక్కటే, దాన్నే చెప్పి పంపాడు.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు రిపోర్టు రాసేది ఎవరికోసం? పక్క థెరపిస్టు మెచ్చుకోవాలనా? బిడ్డ ఎవరిదో వాళ్లకే అందని భాషలో బిడ్డ గురించి రాసి, సంతకం పెట్టి, ఫీజు రసీదు దానికే పిన్ను కొట్టి ఇస్తాం. ఇంగ్లీషు రిపోర్టు వద్దనను. మెడికల్ బోర్డుకీ, బడికీ, కోర్టుకీ కావాలి. దానికి చివర ఒక పేజీ తెలుగులో జతచేయండి. పిల్లవాడికి ఏం వచ్చో ముందు రాయండి. ఏం రాదో తర్వాత. వచ్చే నెలరోజుల్లో ఇంట్లో చేయాల్సిన పనులు రెండు, మహా అయితే మూడు. వైకల్య సర్టిఫికెట్టుకు సదరం స్లాటు ఎలా తీసుకోవాలి, మండలంలో భవిత కేంద్రం ఎక్కడుంది. అంతే.

"తెలుగు రాయడం అలవాటు తప్పింది మేడమ్" అంటారు, తెలుసు. మీ వాట్సాప్ తెలుగు చూస్తూనే ఉన్నాను, ఇంగ్లీషు అక్షరాల్లో ఏడుస్తూ ఉంటుంది. ఫోన్లో మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అదే రాసిపెడుతుంది. ఒత్తులు మీరు దిద్దుకోండి, దానికంత తెలివి లేదు. అమ్మకు చదువు రాదంటారా? అదే పేజీని మీ గొంతుతో చదివి, రికార్డు చేసి పంపండి. పొలం గట్టు మీద వింటుంది, పదిసార్లు వింటుంది.

ఈ పేజీ పల్లెటూరివాళ్లకే అనుకోకండి. న్యూజెర్సీలో ఉన్న నా పాత విద్యార్థిని ఒకామె కొడుకు విషయంలో ఇలాంటిదే రాసివ్వమంది. అక్కడి చట్టం ప్రకారం పిల్లవాడికి మూడేళ్లు నిండగానే ప్రభుత్వ బడే బాధ్యత తీసుకుంటుంది, అతనికోసం విడిగా ఒక ప్రణాళిక రాసిస్తుంది. ఆమెకు చదవడానికి కొదవేం లేదు. తెలుగు పేజీ ఆర్నెల్లు ఉండిపోవడానికి వచ్చిన అత్తగారికోసం. "ఆంటీ, వీడు కళ్లలోకి చూడకపోతే ఆవిడ దిష్టి తీస్తున్నారు. దిష్టి తీయడం నాకు అభ్యంతరం లేదు, గడ్డం పట్టుకుని మొహం తిప్పడమే వద్దు" అంది. సరిగ్గా ఆ రెండు వాక్యాలే, కాస్త మర్యాద అద్ది, రాసి పంపాను.

నేను పనిచేసిన ఒక కేంద్రంలో బెంచీ పక్కన ఒక పాత ఇనప బీరువా ఉండేది. తలుపు సరిగా పడేది కాదు, తాళం అవసరం రాలేదు. అందులో పుస్తకాలు పెట్టాను. ఎన్‌ఐఎంహెచ్ వాళ్లు తల్లిదండ్రులకోసం వేసిన చిన్న పుస్తకాలుండేవి: తినడం, పళ్లు తోముకోవడం, బట్టలు వేసుకోవడం, దొడ్డికి వెళ్లడం నేర్పే పుస్తకాలు. బొమ్మలతో ఉండేవి కాబట్టి అక్షరం రానివాళ్లూ తిరగేసేవాళ్లు. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు టెంపుల్ గ్రాండిన్ రాసిన 'థింకింగ్ ఇన్ పిక్చర్స్' ఇచ్చేదాన్ని. 1995 పుస్తకం. ఆమెకు ఆటిజం ఉంది, మూడున్నరేళ్లదాకా మాట రాలేదు. పెద్దయ్యాక పశుశాస్త్రంలో ప్రొఫెసరైంది, పశువులు బెదరకుండా నడిచే దారులకు నమూనాలు గీసింది. పాలడెయిరీలో పనిచేసే ఒక తండ్రి ఆ పుస్తకం పట్టుకెళ్లి, ఆటిజం సంగతి వదిలేసి పశువుల భాగాలన్నీ ముందు చదివాడు. వెనక్కి ఇస్తూ, "గేదెకి భయం ఎలా ఉంటదో రాసింది మేడమ్, నిజం రాసింది. మావాడు మిక్సీ మోగితే ఎందుకు పరిగెత్తుతాడో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. అలా చదువుతారని నేను ఊహించలేదు. అయితే ఆ పుస్తకం ఇచ్చేటప్పుడు, ప్రతి పిల్లవాడూ గ్రాండిన్ కాడని కూడా చెప్పి ఇవ్వాలి. లేకపోతే ఇంట్లో మేధావి కోసం వెతకడం మొదలెడతారు, ఎదురుగా ఉన్న పిల్లవాడు కనబడడు.

బీరువాలో అన్నిటికంటే నలిగిపోయింది మాత్రం అచ్చు పుస్తకం కాదు. అట్ట వేసిన పెద్ద రూళ్ల నోటుబుక్కు. బెంచీ మీద కూర్చున్నవాళ్లే రాసేవాళ్లు. ఏ మంగలి పిల్లవాడు గింజుకున్నా విసుక్కోకుండా మెల్లగా కత్తిరిస్తాడు, మంగళవారం వెళ్తే షాపు ఖాళీగా ఉంటుంది. ఏ పళ్ల డాక్టరు ముందు కుర్చీ ఎక్కించి ఊరికే దింపుతాడు, మర్నాడు పన్ను ముడతాడు. ఏ హెడ్‌మాస్టరు చట్టం చూపించకముందే చేర్చుకుంటాడు, ఎవరికి చూపించాలి. ఏ గుళ్లో గంటలు తక్కువ. బెల్టు కుట్లు గుచ్చుకుని ఏడ్చే పిల్లకు నిక్కరు ఎలా కుట్టాలో ఒక దర్జీ భార్య బొమ్మ గీసి మరీ పెట్టింది. నేను పెట్టిన నియమాలు కొన్నే: మందుల పేర్లు రాయకూడదు, "తగ్గిపోతుంది" అని రాయకూడదు, తేదీ వేయాలి. మంగలి దుబాయ్ వెళ్లిపోతే తెలియాలిగా!

మీ చదువుకు, మీ పట్టాకు ఆ నోటుబుక్కులో స్థానం లేదు. అయినా దాన్ని మొదలుపెట్టించేది, తేదీలు చూసేది, అబద్ధం దూరకుండా కాపలా కాసేది మీరే. ఒక తల్లి దగ్గరికి ఇంకో తల్లిని పంపడం కూడా థెరపీలో భాగమే. బిల్లు వేయలేం, అంతే తేడా.

ఈ రంగంలో తల్లిదండ్రుల రాతలకు ఎంత విలువుందో కాస్త చరిత్ర చెబుతాను, నిద్రపోకండి. 1943లో సైకియాట్రిస్టు లియో కానర్ ఆటిజం ఉన్న పదకొండుమంది పిల్లల గురించి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం తప్పంతా తల్లి మీదికి నెట్టారు. ఆమెలో ప్రేమ లేకనే బిడ్డ ఇలా అయ్యాడన్నారు. బ్రూనో బెటిల్‌హైమ్ 1967లో ఆ మాటే చెబుతూ పెద్ద పుస్తకమే రాశాడు. ఆ నిందను తలకిందులు చేసిందెవరు? 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఇది శరీరానికి, మెదడుకు సంబంధించిన విషయమని వాదిస్తూ పుస్తకం వేశాడు. ఆయన సైకాలజిస్టు, అంతకంటే ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి. బెటిల్‌హైమ్ పుస్తకం వచ్చిన ఏడాదే క్లారా పార్క్ తన కూతురి గురించి 'ది సీజ్' రాసింది. ఆమె ఇంగ్లీషు బోధించే అమ్మ. ఇంగ్లండులో లోర్నా వింగ్ సైకియాట్రిస్టూ, తల్లీ రెండూ. 1962లో అక్కడి తల్లిదండ్రుల సంఘం పెట్టినవాళ్లలో ఆమె ఒకరు. ఢిల్లీలో 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టిన మేరీ బారువా కూడా ఒక అమ్మే.

తల్లిని తప్పుపట్టడం అమెరికాలో ఆగి ఉండొచ్చు. మన వీధుల్లో ఆగలేదు. గ్రహణం రోజు కూరగాయలు తరిగిందని, ఉద్యోగానికి వెళ్లిందని, టీవీ ముందు కూర్చోబెట్టిందని. ఈ మాటలు అనేది ఇరుగుపొరుగు అయితే ఊరుకుంటాను. పట్టా ఉన్నవాళ్లు కూడా అనగా విన్నాను. మీలో ఎవరైనా అన్నారని నా చెవిన పడిందా, ఇదే గౌను వేసుకుని మీ క్లినిక్‌కి వస్తాను.

మనం ఏమీ ఇవ్వకపోతే బెంచీ మీదివాళ్లు చదవడం మానేయరు. ఫోను ఉందిగా. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ లంకె పెడుతూ 1998లో పన్నెండుమంది పిల్లల గురించి వేక్‌ఫీల్డ్ రాసిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది, అతని డాక్టరు రిజిస్ట్రేషనూ పోయింది. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపులకు ఇంకా చేరలేదు. మూలకణాల చికిత్సకు లక్షలు పోయడానికి ఎకరం అమ్మినవాళ్లు నాకు తెలుసు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ నీతి విభాగం 2022లో చెప్పింది. అమ్మేవాడి కరపత్రం ఎప్పుడూ చక్కని తెలుగులో ఉంటుంది, గమనించారా? రంగుల్లో, పెద్ద అక్షరాల్లో, నాయనమ్మకు కూడా అర్థమయ్యేలా. మన నిజాలేమో ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, కింద సంతకంతో. ఇదీ నా ఏడుపు.

మంచి కబురూ ఒకటుంది. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. అక్కడ ఆటిజం నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు తల్లీబిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్ని తల్లికే చూపించి మాట్లాడారు. ఇదిగో, ఇక్కడ నువ్వు ఆగావు, వాడు నీ వైపు తిరిగాడు, అని. పిల్లలు తమంతట తాము తల్లిదండ్రులను పలకరించడం పెరిగింది. చూడండి, ఆ తల్లి చదువుకున్న పుస్తకం తన సొంత వీడియోనే. మీ అందరి దగ్గరా వీడియో తీసే ఫోన్లున్నాయి.

నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయలదాకా, పద్దెనిమిది నిండాక సంరక్షకుణ్ని నియమించే కలెక్టరు అధ్యక్షతన ఉన్న కమిటీ, ఆదాయపు పన్నులో మినహాయింపు. ఇవన్నీ మీకు రెండు మార్కుల ప్రశ్నలుగా వచ్చి వెళ్లిపోయాయి. జవాబు మరిచిపోయినవాళ్లు ఈ రాత్రే మళ్లీ చూసుకోండి. బెంచీ మీది మనిషి రేపు అడుగుతుంది, ఛాయిస్ ఉండదు.

ఒక పని ఒప్పచెప్పి వెళ్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మీరు రాసిన తెలుగు పేజీ ఒకటి, పిల్లవాడి పేరూ ఊరూ తీసేసి, మీ డిపార్ట్‌మెంటుకు పంపండి. మీ హెడ్ గారితో మాట్లాడాను, పోగుచేసి నాకు పంపిస్తామన్నారు. బాగున్నవి మిగతావాళ్లకు అందేలా చూస్తాం. బాగాలేనివి ఎర్రసిరాతో దిద్ది మీకే వెనక్కి పంపుతాను. పట్టా చేతికొచ్చింది కదా, ఈవిడ ఏం చేస్తుందిలే అనుకోకండి, మీ అడ్రసులు కూడా తీసుకున్నాను. భోజనాలు వడ్డిస్తున్నారని సైగ చేస్తున్నారు. సెలవు.