కణం రెండైనప్పుడు: కొల్లేటి చెరువుల్లో ప్లాస్మిడ్ల వారసత్వం

(ఏలూరులో చేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోగానే ముందుగా గుర్తొచ్చేవి ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్, రక్తకేన్సర్ చికిత్సకు దారి చూపిన అమినోప్టెరిన్. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, హార్వర్డ్ చేరి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారి, 1948 ఆగస్టులో యాభై మూడేళ్లకే వెళ్లిపోయిన మనిషి ఆయన. ఆ పనుల్లో దేని గురించైనా ఒక పూటంతా మాట్లాడవచ్చు. నేను మాత్రం ఆయన చివరి ఏడాదిలో లోకానికి తెలిసిన ఒక్క మందు దగ్గర ఆగుతాను. అది ఆరియోమైసిన్.

లెడర్లీలో పరిశోధనలు సుబ్బారావుగారి చేతిమీదుగా నడుస్తున్న రోజుల్లో, డెబ్బై దాటిన బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రకరకాల నేలల నుంచి తెప్పించిన మట్టిలో వెతుకుతూ, మిస్సోరి విశ్వవిద్యాలయం వారి పొలం మట్టిలో బంగారు రంగు తేలే ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అది తయారుచేసే పదార్థమే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. 1948లో దాన్ని ప్రకటించారు. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బులు దానికి లొంగాయి. మరో రెండేళ్లకే అదే సంస్థలో స్టోక్‌స్టాడ్, జూక్స్ అనే ఇద్దరు ఇంకొకటి గమనించారు. ఈ మందు తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోడిపిల్లలు తొందరగా పెరుగుతున్నాయి. మందు మేతలోకి దిగిన తొలిరోజులవి. భీమవరం మనిషి నడిపిన ప్రయోగశాలలో మొదలైన ఆ మందుల కుటుంబం, సముద్రాలు దాటి, ఆక్సీటెట్రాసైక్లిన్ రూపంలో భీమవరం చుట్టుపక్కల చెరువుల మేతలోకే తిరిగి చేరింది.

మన చెరువుల సంగతి ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. చెరువులో వరసగా వెదురుగెడలు. వాటికి చిల్లులు పెట్టిన బస్తాలు. బస్తాల్లో తవుడు, చెక్క. శీలావతి, బొచ్చె వచ్చి చిల్లుల దగ్గర మూతి ఆనించి తింటాయి. ఒంటిమీద ఎర్రమచ్చలు తేలాయనుకోండి, రెక్కలు కుళ్లాయనుకోండి, అదే తవుడులో మందు కలుస్తుంది. తిన్న మందులో కొంత చేపలో, కొంత నీళ్లలో, ఎక్కువ భాగం అడుగు బురదలో చేరుతుంది. వనామీ రొయ్యల చెరువుల్లో వైట్ స్పాట్ వచ్చినప్పుడు కూడా కంగారులో యాంటీబయోటిక్ వేసినవాళ్లున్నారు. వైట్ స్పాట్ వైరస్ జబ్బు. దానిమీద ఆ మందు ఏమీ చేయదు, బురదలోని బ్యాక్టీరియామీద మాత్రం చేస్తుంది.

రైతులు నన్ను తరచూ ఒక మాట అడుగుతారు. "మందు ఆపేశాం కదా సార్, ఇంకేం భయం?" ఎంతో సబబైన ప్రశ్న. మందు లేనప్పుడు నిరోధకత మోయడం బ్యాక్టీరియాకు దండగ కదా, అది దాన్ని వదిలేయాలి కదా అని మొదట్లో శాస్త్రజ్ఞులూ అనుకున్నారు. అలా వదలకపోవడానికి కారణం ఒక కణం రెండుగా చీలే ఆ కొద్ది నిమిషాల్లో ఉంది. ఈ ఉపన్యాసమంతా దాని గురించే.

బ్యాక్టీరియాకు ప్రధానమైన వారసత్వం దాని క్రోమోజోమ్. అది కాక చాలా కణాల్లో విడిగా, గుండ్రంగా చుట్టుకొని ఉండే చిన్న డీఎన్ఏ వలయాలుంటాయి. 1952లో జాషువా లెడర్‌బర్గ్ వీటికి ప్లాస్మిడ్ అని పేరు పెట్టాడు. మామూలు రోజుల్లో కణం బతకడానికి ఇవి అవసరం లేదు. అవసరం లేనిది తరతరాలా ఎలా నిలుస్తోంది?

కొన్ని ప్లాస్మిడ్లు సంఖ్యను నమ్ముకుంటాయి. కణం చీలే వేళకు లోపల 20 నకళ్లున్నాయనుకోండి. ఒక్కొక్కటీ కుడికో ఎడమకో ఇష్టమొచ్చినట్టు పోయినా, ఒక పిల్లకణానికి ఒక్కటీ దక్కకుండా పోయే అవకాశం 5,24,288లో ఒకటి. ఆ 20 నకళ్లు జంటలుగా అతుక్కుంటే విడి ముక్కలు పదే. అప్పుడు ఆ అవకాశం 512లో ఒకటికి పెరుగుతుంది. అందుకే కోల్-ఈ1 అనే ప్లాస్మిడ్ తన డీఎన్ఏలో సెర్ అనే చిన్న చోటు ఉంచుకుంటుంది. కణంలోని ఎంజైములు అక్కడ పనిచేసి అతుక్కున్న జంటను విడగొడతాయి. డేవిడ్ సమ్మర్స్, డేవిడ్ షెరాట్ 1984లో దీన్ని వివరించారు. నకళ్లు మితిమీరకుండా కూడా ఈ ప్లాస్మిడ్ చూసుకుంటుంది. ఒక చిన్న ఆర్‌ఎన్ఏ తునక, నకలు మొదలుపెట్టే మరో ఆర్‌ఎన్ఏకు అడ్డుపడుతుంది. నకళ్లు పెరిగేకొద్దీ అడ్డు పెరుగుతుంది.

పెద్ద ప్లాస్మిడ్లకు ఈ దారి లేదు. వాటిని ఇరవై చొప్పున మోస్తే కణం నీరసిస్తుంది. ఈ.కోలైలోని ఎఫ్ ప్లాస్మిడ్ ఒకటి రెండు నకళ్లకు మించదు. చీలే వేళకు రెండే ఉండి, వాటిని అదృష్టానికి వదిలేస్తే, సగం చీలికల్లో ఒక పిల్లకు ఏమీ దక్కదు. కొలిచి చూస్తే ప్లాస్మిడ్ పోయేది పదివేల చీలికల్లో ఒకటి కన్నా తక్కువ. అంటే లోపల ఎవరో పంపకం చేస్తున్నారు.

ఆ పంపకానికి డీఎన్ఏలో ఒక చోటుందని 1980లో మీకాక్, స్టాన్లీ కోహెన్ చూపించారు. వాళ్లు పట్టుకున్న ప్లాస్మిడ్ పేరు పీఎస్‌సీ101. 1973లో కోహెన్, హెర్బర్ట్ బోయర్ బృందం జన్యువులను అతికించి ఈ.కోలైలోకి పంపిన తొలి ప్రయోగాలకు వాడినది కూడా ఇదే. అది మోసే జన్యువు టెట్రాసైక్లిన్ నిరోధకత. మందు పోసిన పళ్లెంలో ఏ కణం బతికితే దానిలో ప్లాస్మిడ్ ఉన్నట్టు. జన్యు ఇంజనీరింగ్ మొదటి అడుగు సుబ్బారావుగారి కాలపు మందును ఆనవాలుగా పట్టుకొని పడిందన్న సంగతి మన ప్రాంతపు విద్యార్థులకు తెలియాలని నా కోరిక. పార్ అనే ఆ చోటు కోసేస్తే, మందు లేని తిండిలో కణాలు ప్లాస్మిడ్‌ను వేగంగా పోగొట్టుకున్నాయి. ఆ చోట గైరేజ్ అనే ఎంజైమ్ వచ్చి పట్టుకుంటుందని, డీఎన్ఏ మెలికను బిగిస్తుందని తరువాత తేలింది.

ఎఫ్, పీ1, ఆర్1 ప్లాస్మిడ్లలో పంపకం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్1 మామూలుది కాదు. లండన్‌లో 1960లలో సాల్మొనెల్లా నుంచి దొరికింది, ఒకేసారి అయిదు మందులకు నిరోధకత మోస్తుంది. దానిలో పార్‌సీ అనే చోటుకు పార్‌ఆర్ అనే ప్రొటీన్ అంటుకుంటుంది. పార్‌ఎమ్ అనే మరో ప్రొటీన్ గొలుసుగా పేరుకుంటూ కడ్డీలా పొడుగవుతుంది. కొల్లేట్లో రెండు దోనెలు పక్కపక్కన ఉన్నప్పుడు గెడ అడ్డంపెట్టి నెడితే రెండూ చెరోవైపు జరుగుతాయి కదా. ఇక్కడ గెడ తనంతట తానే పెరుగుతుంది. రెండు నకళ్ల మధ్య కొత్త పార్‌ఎమ్ ముక్కలు చేరుతూ ఒకదాన్ని కణం ఈ కొసకూ, రెండోదాన్ని ఆ కొసకూ నెడుతుంది. ప్లాస్మిడ్ అంటుకోని కడ్డీ నిలవదు, వెంటనే విడిపోతుంది. 2007లో దీన్ని కణం లేకుండానే, గాజుపలక మీద శుద్ధి చేసిన ప్రొటీన్లతో నడిపి చూపించారు. అమెరికాలో ఈథన్ గార్నర్, డైచ్ మల్లిన్స్ బృందం చేసిన పని అది. మన కండరాల్లోని యాక్టిన్‌కు పార్‌ఎమ్ దూరపు చుట్టం.

ఎఫ్, పీ1 వేరే పద్ధతి పాటిస్తాయి. ఒక ప్రొటీన్ క్రోమోజోమ్ మీద పరచుకొని ఉంటుంది. ప్లాస్మిడ్‌కు అంటిన రెండో ప్రొటీన్ తనకు తగిలిన చోటల్లా దాన్ని ఊడగొడుతుంది. వెనక ఖాళీ అవుతుంది, ముందు ఇంకా ఉంటుంది, ప్లాస్మిడ్ ముందుకే జరుగుతుంది. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వైపు చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. మొక్కల్లో కంతులు పుట్టించే ఆగ్రోబ్యాక్టీరియం వారి పాఠాల్లో ఉంటుంది. దాని టీఐ ప్లాస్మిడ్‌లో నకలు తీసే జన్యువూ పంచే జన్యువులూ ఒకే వరసలో, ఒకే ఆజ్ఞ కింద ఉంటాయి.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి ఒక పిల్లకు ప్లాస్మిడ్ దక్కదు. అప్పటికీ ఏర్పాటుంది. నన్ను చాలాకాలం వదలని విషయం ఇదే. 1983లో జపాన్‌లో ఒగురా, హిరాగా ఎఫ్ ప్లాస్మిడ్ మీద ఒక జంట జన్యువులను గుర్తించారు. ఒకటి విషం చేస్తుంది, రెండోది విరుగుడు. విషం చాలాకాలం చెడదు. విరుగుడును కణంలోని ఎంజైమ్ ఎప్పటికప్పుడు నమిలేస్తుంది, కాబట్టి కొత్తగా తయారవుతూ ఉండాలి. ప్లాస్మిడ్ దక్కని పిల్లకణానికి తల్లి నుంచి విషమూ విరుగుడూ రెండూ వస్తాయి. విరుగుడు అయిపోతుంది, తయారుచేసే జన్యువు లేదు. విషం గైరేజ్‌ను పట్టేస్తుంది, కణం ఎదగలేక చస్తుంది. మనం వాడే సిప్రోఫ్లాక్సాసిన్ దెబ్బకొట్టేది కూడా ఆ గైరేజ్‌నే. ఆర్1లో ఇదే పని హాక్, సాక్ అనే మరో జంట చేస్తుంది. ప్లాస్మిడ్‌ను వదిలించుకున్న కణం మందు లేని చెరువులో హాయిగా బతికి, మోసేవాటిని వెనక్కి నెట్టాలి. ఆ అవకాశమే దానికి లేకుండా ఈ జంటలు చేశాయి.

మోసే బరువు మాటేమిటి? 1988లో బూమా, రిచర్డ్ లెన్‌స్కీ ఒక ప్రయోగం చేశారు. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ నిరోధకతలున్న పీఏసీవైసీ184 ప్లాస్మిడ్‌ను ఈ.కోలైలో పెట్టి 500 తరాలు పెంచారు. మొదట్లో ప్లాస్మిడ్ ఉన్న కణాలు వెనకబడ్డాయి. చివర్లో, మందు ఏమీ లేని తిండిలో సైతం, ప్లాస్మిడ్ ఉన్న కణాలే లేనివాటిని దాటాయి. కణం తన క్రోమోజోమ్‌లో మార్పులు చేసుకొని బరువుకు అలవాటుపడటమే కాదు, దాన్నుంచి లాభం తీసింది. ఈ.కోలైకి అనుకూలమైన వేడిలో 20 నిమిషాలకో తరం. చెరువు బురదలో అంత వేగం ఉండదు. అయినా ఒక పంటకాలం వాటికి బోలెడు కాలం.

కాబట్టి రైతుకు నా జవాబు ఇది: మందు ఆపడం మంచిదే, తప్పకుండా ఆపండి, కానీ నిన్న వేసినదాని ఫలితం నేటితో పోదు. చేపల్లో టెట్రాసైక్లిన్ అవశేషానికి మన ప్రమాణం కిలోకు 0.1 మిల్లీగ్రాము. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అసలు వాడకూడదు. కొలిస్టిన్‌ను 2019లో పశువులకూ కోళ్లకూ చేపలకూ నిషేధించారు. ఇవి అవసరమైన కట్టుబాట్లు. అయితే అవశేషాల పరీక్ష చేపలో మిగిలిన మందును కొలుస్తుంది, బురదలో మిగిలిన ప్లాస్మిడ్‌ను కొలవదు. మందు ఆపాక ఆగాల్సిన గడువు పాటించి పట్టిన చేప పరీక్షలో నెగ్గుతుంది. చెరువు తూము తెరిస్తే నీళ్లు కాలవలోకి, అక్కడినుంచి ఉప్పుటేరుకు పోతాయి. తమ్మిలేరు ఏలూరు మీదుగా, బుడమేరు బెజవాడ వైపు నుంచి ఊళ్ల మురుగును కొల్లేరు సరస్సుకు తెస్తాయి. ఆస్పత్రి సూక్ష్మజీవీ చెరువు సూక్ష్మజీవీ కలుసుకునే చోటు ఇది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్సార్ చిత్తడినేలగా గుర్తించిన కొల్లేరు గురించి నేను మాట్లాడుతున్నాను.

కలుసుకుంటే ఏమవుతుంది? సంయుగ్మం అవుతుంది. ఒక కణం మరోదానికి వంతెన వేసి ప్లాస్మిడ్ నకలును అందిస్తుంది. జాతి వేరైనా ఇస్తుంది. చేపలకు ఎర్రమచ్చలు తెచ్చే ఏరోమోనాస్ నుంచి ఈ.కోలైకి పోవడం ప్రయోగశాలల్లో చూశారు. బ్రిటన్‌లో 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆస్పత్రి ఏరోమోనాస్‌లోనూ చేపల పెంపకం ఏరోమోనాస్‌లోనూ ఒకే టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువు, దాన్ని మోసే ఒకే రకం డీఎన్ఏ తునక కనిపించాయి. మన పక్క రాష్ట్రపు పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధిచేసి వదిలే చోట, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది చాలా ఎక్కువ. దిగువన నది అడుగుమట్టిలో నిరోధక జన్యువులు, వాటిని మోసే ప్లాస్మిడ్లు దండిగా ఉన్నట్టు 2011లో చూపించారు.

ఇదంతా ఆరియోమైసిన్ తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కెనడా శాస్త్రజ్ఞుడు ఇ.జి.డి. మర్రే 1917 నుంచి 1954 వరకు ఎక్కడెక్కడి బ్యాక్టీరియానో సీసాల్లో దాచిపెట్టాడు. 1983లో విక్టోరియా హ్యూస్, నయోమి దత్తా వాటిని తెరిచి చూశారు. ఆ పాత కణాల్లో కూడా ఒకదాన్నుంచి మరోదానికి పాకే ప్లాస్మిడ్లు బాగానే ఉన్నాయి. మందుల నిరోధకత మాత్రం వాటిమీద దాదాపు లేదు. అంటే బండి ఎప్పటిదో, దానిమీదికి ఈ సరుకు ఎక్కింది మందులు విచ్చలవిడిగా వాడిన కాలంలోనే. మనుషుల ప్రాణం నిలపడానికి తయారైన మందును తవుడులో కలపమని సుబ్బారావుగారు చెప్పలేదు.

విద్యార్థుల కోసం ఒక పని చెబుతాను. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చెరువు అడుగుమట్టిని నీళ్లలో కలిపి, టెట్రాసైక్లిన్ వేసిన మెకాంకీ అగార్ పళ్లెం మీద పరవండి. మర్నాటికి లేచిన గులాబీ రంగు కాలనీని మందు లేని రసంలో పెంచండి. రోజూ దానిలో వెయ్యోవంతు కొత్త రసంలోకి మార్చండి. రోజుకు సుమారు పది తరాలు. పది రోజులయ్యాక మామూలు పళ్లెం మీద పరచి, వంద కాలనీలను పుల్లతో ముట్టి, ఒకసారి మందున్న పళ్లెం మీద, ఒకసారి లేని పళ్లెం మీద గీయండి. మందున్న పళ్లెంలో ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టండి. ఖాళీలుంటే ప్లాస్మిడ్ జారిపోతోందని అనుమానించవచ్చు. ఒక్క ఖాళీ కూడా లేకపోతే జన్యువు క్రోమోజోమ్‌లోనైనా ఉండాలి, గట్టి పంపకం ఉన్న ప్లాస్మిడ్ మీదైనా ఉండాలి. రెంటిలో ఏదో తేల్చడానికి రిఫాంపిసిన్‌ను తట్టుకునే, ప్లాస్మిడ్ లేని ఈ.కోలైతో కలిపి పెంచి, రెండు మందులూ వేసిన పళ్లెం మీద పరవండి. అక్కడ ఏదైనా లేచిందంటే ప్లాస్మిడ్ ఇల్లు మారినట్టే. పని అయ్యాక పళ్లేలన్నీ ఆటోక్లేవ్‌లో పెట్టాకే పారేయాలి. ఈ కణాలు మళ్లీ కాలవలో పడకూడదు.

కళాశాల యాజమాన్యానికి నా మనవి ఒక్కటే. ఈ కాలనీలను పారేసే ముందు ఒక్కో రకాన్ని గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచిపెట్టండి. సీసామీద తేదీ, ఊరి పేరు, చేపో రొయ్యో, ఆ పంటకు ఏ మందు ఎన్నిసార్లు పడిందో రైతు చెప్పినది చెప్పినట్టు, నీటి ఉప్పదనం ఎంతో రాయండి. రైతు పేరు రాయవద్దు. పేరు పడుతుందంటే నిజం చెప్పరు. భీమడోలు నుంచి కొల్లేటికోట దాకా ఏడాదికి రెండుసార్లు, ఒకసారి వరదకు ముందు, ఒకసారి పంట పట్టుబడి అయ్యాక సేకరిస్తే చాలు.