కడుపునొప్పంతా గ్యాస్ కాదు

పొట్ట వెనక క్లోమం అనే గ్రంథి ఉంటుంది. తిండి అరిగించే రసం, ఇన్సులిన్ రెండూ ఇచ్చేది అదే. అది ఉన్నట్టుండి వాస్తే ఆ రసం గ్రంథినే తినేస్తుంది. పై పొట్టలో నొప్పి లేచి వీపులోకి పోతుంది, వాంతులు ఆగవు. మనమేమో సోడా తాగించి, గ్యాస్ గోళీ వేసి తెల్లారేదాకా చూస్తాం. అట్లా చూడొద్దు. లైపేజ్ రక్తపరీక్షతో తెలిసిపోతుంది. ఆడవాళ్లకు ఎక్కువగా పిత్తాశయంలో రాళ్ల వల్ల వస్తుంది. తిత్తి తీయించుకోకపోతే మళ్లీ రావచ్చు. మగవాళ్లకు ఎక్కువగా మందే కారణం. పదేపదే వాస్తే గ్రంథి గట్టిపడుతుంది, ఇక మామూలు కాదు. మనిషి చిక్కిపోతాడు, విరేచనం జిడ్డుగా తేలుతుంది, షుగర్ వస్తుంది. ఒకసారి వాచినవాళ్లు చుక్క కూడా ముట్టకూడదు, పండగైనా సరే. ఖర్చుకు జంకి ఆగకండి. అప్పు సంగతి సంఘంలో తర్వాత మాట్లాడుకుందాం, ముందు 108కి ఫోన్ చేయండి.