ఇంటిలోనికి వచ్చిన కెమెరా – ఇంటిలోని నుడి
(ప్రసంగ పాఠం)



అమ్మనుడిని గురించి మాట్లాడవయ్యా అంటే అమెరికా టెలివిజన్ కథ ఎత్తుకున్నాడేమిటని అనుకోకండి. ఆ కథ చివరకు మన ముంగిటికే వస్తుంది.

1953 అక్టోబరు 2న అమెరికాలో సి.బి.ఎస్. సంస్థ 'పర్సన్ టు పర్సన్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. నిర్వాహకుడు ఎడ్వర్డ్ ఆర్. మరో. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బాంబులు కురుస్తున్న లండన్ నుండి రేడియోలో వార్తలు వినిపించి పేరుగాంచిన పాత్రికేయుడు. శుక్రవారం రాత్రి ఆయన న్యూయార్క్ స్టూడియోలో కుర్చీలో కూర్చుని, వేలి సందున సిగరెట్టుతో, ప్రముఖులను పలకరించేవాడు. వారు మాత్రం తమ తమ ఇళ్ళలోనే ఉండేవారు. అరగంటలో సాధారణంగా ఇద్దరు అతిథులు. అంతా ప్రత్యక్ష ప్రసారమే.

ఆనాటికి అదొక సాహసం. బరువైన కెమెరాలను, దీపాలను, తీగెల చుట్టలను ఇంటిలోనికి చేర్చాలి. దృశ్యాన్ని మైక్రోవేవ్ తరంగాలమీద స్టూడియోకు పంపాలి. అతిథి గదినుండి గదికి నడుస్తూ మాట్లాడటానికి తీగెలేని మైకును దుస్తులలో దాచేవారు. మరోకు అతిథి తెరపై కనబడేవాడు. అతిథికి మరో గొంతు వినబడటమే తప్ప మనిషి కనబడేవాడు కాదు.

మొదటిరాత్రి అతిథులలో ఒకరు బేస్‌బాల్ ఆటగాడు రాయ్ కాంపనెల్లా. ఆనాటి పగలే వరల్డ్ సిరీస్ పోటీలో తన జట్టును గెలిపించిన దెబ్బ కొట్టి ఇంటికి వచ్చాడు. ఆయన నల్లజాతి తల్లికి పుట్టిన బిడ్డ. బడులలో జాతి వివక్ష చెల్లదన్న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు 1954 మే నెలలో గాని రాలేదు. అటువంటి రోజులలో ఆయన తన ఇంట, తన కుటుంబంతో, గృహయజమానిగా దేశమంతటికీ కనిపించాడు. ఎవరి ఇల్లు చూడదగినదో నిర్ణయించే అధికారం కెమెరాకు ఉంది. ఆ రాత్రి అది ఒక మంచి నిర్ణయం చేసింది.

ఇక రెండవ ఘట్టం. 1959 ఫిబ్రవరి 6న మరో అతిథి ఫిడెల్ కాస్ట్రో. ఆయన హవానాలో ప్రవేశించి అప్పటికి నెలరోజులైనా నిండలేదు. హోటల్ గదిలో పైజామాతో, పక్కన చిన్న కొడుకుతో కనిపించాడు. విప్లవాన్ని గెలిచిన నాయకుడు, తన దేశంలో, తన గదిలో కూర్చుని, మాట్లాడింది మాత్రం తడబడే ఇంగ్లీషులో. పలకరించేవాడి భాషలోనికి పలికేవాడు రావలసివచ్చింది.

సోదరులారా, ఈ అనుభవం మనకు కొత్తదా? హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో మన ఇంటికి ఒక అధికారి వచ్చినా, ఉపాధ్యాయుడు వచ్చినా, మన గడప లోపలనే మన నుడి పక్కకు తప్పుకుంటుంది. పొరుగు భాషను గౌరవించడం మన ధర్మమే. అయితే అతిథి వెళ్ళిన తరువాత కూడా పిల్లలతో తెలుగు తిరిగి రాకపోతే, అది మర్యాద అనిపించుకోదు, లొంగుబాటు అవుతుంది. తమిళనాట 2006లో తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక, తెలుగు బడికోసం పోరాడుతున్నవారికి ఇల్లే చివరి కోట అని తెలుసు.

మరో పద్ధతినుండి మనం నేర్వదగినది ఒకటుంది. ఆయన ఇంటిలోని వస్తువులను చూపి అడిగేవాడు: ఈ పటం ఎవరిది, ఈ బహుమతి ఎప్పటిది అని. వస్తువును చేతబట్టిన మనిషికి మాటలు వాటంతటవే వస్తాయి. నేడు ప్రతి ఇంటా చేతిఫోనులో కెమెరా ఉంది. మీ అవ్వనో, అమ్మమ్మనో తిరగలి దగ్గర, కవ్వం దగ్గర, పెళ్ళినాటి పెట్టె దగ్గర కూర్చోబెట్టి, "ఇదేమిటి? దీనితో ఏం చేసేవారు?" అని అడిగించండి. అడిగేది మనుమలే కావాలి.

ఒక జాగ్రత్త. 1959లో, మరో ఆ కార్యక్రమాన్ని విడిచిన కొద్దికాలానికే, అది ముందే అభ్యాసం చేయించి చూపినదని సి.బి.ఎస్. అధ్యక్షుడు ఫ్రాంక్ స్టాంటన్ బహిరంగంగా ఆక్షేపించాడు. అంతటి సాంకేతిక పనికి కొంత సన్నాహం తప్పదని మరో వాదించాడు. మనకు ఆ ఇబ్బంది లేదు. కనుక పెద్దలకు మాటలు నేర్పకండి, యాసను దిద్దకండి. టీవీ తెలుగు వేరు, మన సరిహద్దు తెలుగు వేరు. వారి నోట వచ్చే పలుకే మన ఆస్తిపత్రం.

మన ఇళ్ళకు పెద్ద సంస్థల కెమెరాలు రాలేదు. రావాలని ఎదురుచూడనక్కరలేదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఒక్క ప్రశ్న తెలుగులో అడగండి. జవాబును దాచిపెట్టండి. రేపు మన బిడ్డలు బడిలో తెలుగు కావాలని నిలబడినప్పుడు, ఈ నుడి ఎక్కడుంది అని అడిగేవారికి చూపించడానికి మన ఇల్లే సాక్ష్యం కావాలి.